క్షకారపు వెల

గత మాసమున మా పాఠశాలలో బహుమాన ప్రదానోత్సవము జరిగినది. మామిడాకుల తోరణములు, బాలికల ప్రార్థనాగీతము, పెద్దల యుపన్యాసములు, అన్నియు యథావిధిగా నడిచినవి. గణితమున ప్రథమస్థానము నందిన బాలునకు ఒక స్టీలు గ్లాసు నిచ్చిరి. ఆ గ్లాసునకు నొక చరిత్ర కలదు. అఱువది యేండ్ల క్రిందట నొక దాత తన తండ్రిపేర వేయి రూపాయలు బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటేట నొక బీద విద్యార్థికి పుస్తకములును బట్టలును కొనిపెట్టవలెనని కోరెను. ఆ దినములలో అది యొక బాలుని సంవత్సరపు చదువునకు చాలినంత సాయము. రూపాయి విలువ తఱిగినది. వడ్డీ మాత్రము పెరుగలేదు. పుస్తకములు పోయి పలకలు, పలకలు పోయి కలములు, కలములు పోయి తుదకు గ్లాసు మిగిలినది. గ్లాసుమీద పేరు చెక్కించుటకు ఉపాధ్యాయులమే చందా వేసికొంటిమి. దాతగారి తండ్రి పేరు మాత్రము గోడమీది చలువఱాతిపై చెక్కుచెదరక యున్నది.

సభలోనివారు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి. కాని మా మనస్సు ఆ సభలో లేదు. బహుమానము వేఱు, విద్యార్థివేతనము వేఱు అను మాట మాకు నాలుగేండ్లనుండి ముల్లువలె గ్రుచ్చుచున్నది. ఒకటి చేరినవానికి వేయు దండ. రెండవది బయలుదేరినవానికి కట్టియిచ్చు చద్దిమూట. మన యిండ్లలో దండకున్న గౌరవము మూటకు లేదు. కుమారునికి పతకము వచ్చినచో వీధివారికెల్ల మిఠాయి పంచుదుము. వేతనమునకు దరఖాస్తు పెట్టవలసిన కడపటి తేది యేదియని యడిగినచో ఇంటిల్లిపాదియు నొకరి ముఖ మొకరు చూచుకొందుము. ఇతరుల నననేల? మా కథయే చెప్పెదము.

మేము పనిచేయు పాఠశాల ఉద్దానమునకు చేరువను ఉన్నది. శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున, సముద్రపుటొడ్డున, కొబ్బరితోటలతోను జీడితోటలతోను ఉద్యానమువలె నుండుటచే ఆ సీమకు ఆ పేరు వచ్చినదని పెద్దలందురు. అచ్చటి మూత్రపిండవ్యాధి సంగతి పత్రికలు చదువువారందఱు నెఱిగినదే. మధుమేహము లేనివారికి, రక్తపుపోటు లేనివారికి, తెలవాఱకమున్నే తోటలకు పోయి పాటుపడు రైతులకును కూలీలకును మూత్రపిండములు మెల్లమెల్లగా చెడిపోవుచున్నవి. నీటి దోషమా, ఎండ దోషమా, మఱియొకటియా యని పండితులెందఱో పరిశోధించిరి. కారణమిదియని నేటికిని తేలలేదు.

ఆ సీమ బాలిక యొకతె మా యొద్ద చదువుకొనెను. ఆమెను లచ్చిమి యందము. అసలు పేరు వేఱు. మేము చేసిన తప్పు మాత్రము ఇట్టిదే. తండ్రికి ఎకరమున్నర కొబ్బరితోట యుండెడిది. 2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపాను వచ్చి ఆ తోటను ఒక్క రాత్రిలో నేలగూల్చెను. కొబ్బరిచెట్టు పడినచో మఱల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తోటకుతోడు తండ్రి ఆరోగ్యమును కూలెను. 2019 నుండి వారమునకు రెండుమాఱులు డయాలిసిస్ చేయింపవలసి వచ్చెను. తల్లి కూలిపనికి పోవుచుండగా, ఆయనను ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయి ప్రక్కన కూర్చుండు పని ఈ బాలికకు పడెను.

ఆ యంత్రము ప్రక్క నాలుగు గంటలు కూర్చుండు పిల్ల ఏమి చేయును? ఇతరులైనచో నిద్రపోదురు, నేటికాలమున ఫోను చూతురు. ఈమె యంత్రమును చూచెను. రక్తము ఏ గొట్టమున పోయి ఏ గొట్టమున వచ్చుచున్నదో, కూత కూసినప్పుడు నర్సు మొదట నే మీటను తాకుచున్నదో, ఒక్క రోగికి ఒక్కపూటకు నూటయిరువది లీటరుల శుద్ధజలము ఏల కావలయునో, అన్నియు కనుగొనెను. ఇంటర్మీడియట్ చదువుచున్న దినములలో నొక సాయంకాలము మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి యిట్లనెను:

"మేస్టారూ, మొన్న మిషను పాడైపోయింది. బాగుచేసేవాడు విశాఖపట్నం నుంచి రావాలంట. మూడు రోజులు పట్టింది. మా నాయన కాళ్లు ఇంతలావు వాచిపోయాయి. ఆ మిషన్లు బాగుచేసే చదువు ఎక్కడైనా ఉందా?"

మేము సంస్కృతమున రెండు కావ్యములు వల్లించినవారము. ఆంగ్లమున పట్టము పుచ్చుకొన్నవారము. అట్టి చదువొకటి కలదని మాకు తెలియదు. వెదకి చూడగా బయోమెడికల్ ఇంజనీరింగు అను పేరు దొరికెను. శరీరధర్మమును యంత్రధర్మమును ఒకచోట బోధించు శాస్త్రమది. గుండెకు చేర్చు పేస్‌మేకరు, మూత్రపిండమునకు మాఱుగా పనిచేయు యంత్రము, తెగిన కాలికి కట్టు కృత్రిమపాదము, ఇవన్నియు దాని సంతానము. ఈ సంగతి ఆమె యింట చెప్పగా, పెదతండ్రిగారు సాంతముగా విని, "డాక్టరా, ఇంజనీరా? రెంటిలో ఏదో ఒకటి తేల్చమనండి, సంబంధాలవాళ్లు అడిగితే చెప్పడానికుండాలి గదా" అనిరి. ఈ ప్రశ్నకు విశ్వవిద్యాలయములే చాలకాలము సరియైన సమాధానము చెప్పలేకపోయెనని మాకు తరువాత తెలిసినది.

ఆ యంత్రము పుట్టిన కథ లచ్చిమి మాకు చెప్పినది. మేమామెకు చెప్పినది కాదు. హాలెండు దేశమున కోల్ఫ్ అను యువవైద్యుడుండెను. 1938లో ఇరువదిరెండేండ్ల పడుచువాడొకడు మూత్రపిండములు చెడి తన కన్నులయెదుట మరణించుట చూచి, ఆ రక్తమునుండి దినమునకు కొంత విషము తీయగలిగిన నితడు బ్రదికియుండునుగదా యని తలపోసెను. తరువాత రెండేండ్లకు జర్మనులు ఆ దేశము నాక్రమించిరి. కాంపెన్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో, మాంసపు సాసేజిలకు తొడుగుగా వాడు సెలోఫేను గొట్టమును కొయ్యపట్టెల పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పి, 1943లో ఆయన తన యంత్రమును నిలిపెను. ఆ యూర ఎనామెలు గిన్నెలు చేయు కార్ఖానా యధికారి యొకడు పనిముట్లిచ్చి సాయపడెను. యంత్రము తిరిగినది; రోగులు మాత్రము బ్రదుకలేదు. రెండేండ్లపాటు ఒకరి వెనుక నొకరు ఇంచుమించుగా అందఱును మరణించిరి. 1945లో అఱువదియేడేండ్ల వృద్ధ యొకతె స్మృతిలేని స్థితినుండి కన్నులు తెఱచినది.

ఇక బహుమానము సంగతి చూడుడు. వైద్యశాస్త్రమున మిక్కిలి గౌరవింపబడు లాస్కర్ పురస్కారమును కోల్ఫ్‌గారికి, డయాలిసిస్‌ను ఏండ్లతరబడి సాగించుటకు వీలుకల్పించిన స్క్రిబ్నర్ అను అమెరికా వైద్యునకును కలిపి, 2002లో ఇచ్చిరి. అప్పటికి కోల్ఫ్‌గారికి తొంబదియొక్క యేండ్లు. పీపా తిరిగిన ఏబదితొమ్మిది సంవత్సరములకు దండ వచ్చినది. రోగులు వరుసగా చనిపోవుచున్న ఆ రెండేండ్లలో ఆయనను నిలిపినది పురస్కారము కాదు. ఆసుపత్రివారి జీతము, కార్ఖానా యధికారి యిచ్చిన తొట్టి. మన దేశమునను ఇట్లే జరిగినది. తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో వలియత్తాన్‌గారి నాయకత్వమున చేసిన గుండెకవాటము 1990 డిసెంబరులో మొదటిసారి మనుష్యునకు అమర్పబడినది. అది నాలుగవ నమూనా. మొదటి మూడును విఫలమైనవి. ఆ మూడింటిని చేసిన యేండ్లలో యువకులైన యింజనీర్లకు ఎవరో అన్నము పెట్టిరి గనుకనే నాలుగవది పుట్టినది. ఈ శాస్త్రమున విద్యార్థివేతనమునకు ఇదియే యర్థమని మా యభిప్రాయము: తప్పులుచేయు కాలమున మనిషి ఆకలిపాలు గాకుండ చూచుట.

తప్పులమాట వచ్చినది గనుక మా తప్పునకు వత్తము. 2021లో లచ్చిమికి ఒక దూరపు కళాశాలలో ఈ చదువున చోటు దొరికెను. కళాశాల రుసుములో చాలభాగము రాష్ట్రప్రభుత్వపు పథకమువలన తీరును. హాస్టలు, భోజనము, పుస్తకములు, రైలు, ఇవి తీరవు. ఇంజనీరింగు చదువు బాలికలకు అఖిలభారత సాంకేతిక విద్యామండలివారు ప్రగతి యను వేతన మొకటి యిచ్చుచున్నారు. కుటుంబాదాయము సాలునకు ఎనిమిది లక్షలు మించరాదు. ఒక యింట ఇద్దఱు బాలికలవఱకు ఈయవచ్చును. సంవత్సరమునకు 50,000 రూపాయలు. మొదటి సంవత్సరముననే దరఖాస్తు పెట్టుకొనవలెను. అప్పుడు దక్కినచో ఏటేట కొనసాగును. నాలుగేండ్లకు రెండులక్షలు. ఈ సంగతి మేమే వార్తాపత్రికలో చూచి ఆమెకు తెలిపితిమి. ఎంత సంతోషించితిమో చెప్పలేము.

వెబ్‌సైటున దరఖాస్తు నింపినంతనే, పేరు సరిపోలలేదని జవాబు వచ్చెను. ఆధారు కార్డులో లచ్చిమి. పదవ తరగతి ధ్రువపత్రములో లక్ష్మి.

ఆ లక్ష్మి యెవరు వ్రాసినది? మేమే. 2018లో, సరిగా ఆ తుపాను నెలలోనే, పదవతరగతి పరీక్షకు పంపు పేర్ల పట్టిక మా చేతిమీదుగా తయారయ్యెను. లచ్చిమి యను పేరు కంటబడగానే మాకు రోత పుట్టెను. బంగారమువంటి బిడ్డ, తరగతిలో నన్నిట మొదటిది, ఆమె పేరు అపభ్రంశముగా నుండుటయా! అడుగలేదు, ఆలోచింపలేదు. క్షకారమును, దానిక్రింద మకారమును దిద్ది, ఒక ఉపకారము చేసినట్లు తృప్తిపడితిమి. వాడుకభాషకొఱకు జీవితమెల్ల పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పుట్టినది మా జిల్లాలోనే. ఏటేట ఆగస్టు 29వ తేదిని వారి చిత్రపటమునకు పూలదండ వేయువారము మేమే, వారినిగూర్చి ఉపన్యసించువారమును మేమే. ప్రజల నోటిమాటను గౌరవింపవలెనని సభలో చెప్పిన నోరు మాది. ప్రజల నోటిపేరును కొట్టివేసిన చేయియు మాదియే.

ఆధారు కార్డు దిద్దింపవచ్చునని తెలిసినది. దిద్దించు చోటికి బాలిక రెండుమాఱులు పోయెను. ఒకనాడు యంత్రము పనిచేయలేదు. మఱియొకనాడు వేలిముద్ర పడలేదు. మూడవమాఱు మేమే వెంటబెట్టుకొని పోయెదమని మాట యిచ్చితిమి. ఆ వారము మా యింట వివాహము. పెండ్లిపనులలో బడి తేది మఱచితిమి. ఆమె ఫోను చేయుటకు సంకోచించెను. గురువును తొందరపెట్టరాదని మేమే నేర్పియుంటిమి గదా! దిద్దిన కార్డు వచ్చునప్పటికి దరఖాస్తుల గడువు ముగిసి పదునొకండు దినములయ్యెను.

చెప్పుటకు వారి యింటికి పోయితిమి. తండ్రి నులకమంచముమీద పండుకొని యుండెను. డయాలిసిస్ చేయించుకొని వచ్చిన సాయంకాలము. లేచి కూర్చుండుటకును ఓపిక లేదు. జరిగినది చెప్పితిమి. మమ్ము నాలుగుమాటలనిన బాగుండెడిది. ఆయన కొంతసేపు ఊరకుండి, "పోనీండి మేస్టారూ, మంచి పేరే రాశారు గదా" అనెను. అది యెత్తిపొడుపు కాదు. ఆయన నిజముగా మమ్ము ఊరడింప తలంచెను. తల్లి లోపలికి పోయి వచ్చెను. వచ్చినప్పుడు చెవులకు కమ్మలు లేవు.

ఒక క్షకారము వెల రెండులక్షల రూపాయలని ఆనాడు తెలిసినది. ఏ నిఘంటువునందును ఈ యర్థము లేదు.

ప్రాయశ్చిత్తముగా నెలకు కొంత పంపితిమి. ఆమె వలదనెను, మేము వినలేదు. తరువాత తెలిసినదేమనగా, ఆమె యొక నోటుపుస్తకమున మేము పంపిన ప్రతి రూపాయియు తేదితో వ్రాసి, పైన "మేస్టారి అప్పు" అని శీర్షిక పెట్టుకొన్నదట. ఇది విన్నప్పుడు మాకు కలిగిన నొప్పి యింతింతకాదు. కాని ఆలోచింపగా న్యాయమే. గురువిచ్చినను మేనమామ యిచ్చినను ఇంటివారి సొమ్ము తలవంచి తీసికొనవలసినది. రేపు వివాహము సంగతి వచ్చినప్పుడు, ఉద్యోగము సంగతి వచ్చినప్పుడు, ఆ సొమ్ము లేచి మాటాడును. వేతనము అట్లు మాటాడదు. అర్హత యున్నది, అడిగితిని, ఇచ్చిరి, అంతతో సరి. ఆడపిల్లకు ఆ తల యెత్తుకొను హక్కు రూపాయలకంటె ఎక్కువ విలువగలది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరమునకు పోయినప్పుడు, మామగారి సొమ్ముతోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సాయపడినది. అచ్చట చేరినపిమ్మట హార్వర్డులో పగలు చదువు, ఆసుపత్రిలో రాత్రులు కూలిపని. సత్యలింగ నాయకరుగారు ఓడవర్తకమున రంగూనులో గడించిన ధనము, ఆయన యెన్నడును చూడని శాస్త్రమునకు, చూడని దేశమున, దారిబత్తెమైనది. ఆ ధనము ఎవరినో యొకనిని ఓడ యెక్కించినది గనుక దానిని మనము తలచుకొనుచున్నాము. గ్లాసులు కొనిపెట్టియున్న తలతుమా?

ఈ బయోమెడికల్ ఇంజనీరింగు చదువు అమెరికాలో విస్తరించుటకు ముఖ్యకారకులలో ఒకడు విటేకర్ అను పారిశ్రామికుడు. యంత్రశాస్త్రమున నొకటి, విద్యుచ్ఛాస్త్రమున నొకటి, న్యాయశాస్త్రమున నొకటి, మూడు పట్టములు పొందినవాడు. విద్యుత్తీగలను అతుకు చిన్న లోహపుముక్కల వ్యాపారమున ధనము గడించి 1975లో మరణించెను. ఆయన పేర వెలసిన నిధి, విశ్వవిద్యాలయములకును, పరిశోధనకు దిగు యువ ఆచార్యులకును, పైచదువుల విద్యార్థులకును డెబ్బది కోట్ల డాలరులకు పైగా పంచిపెట్టెను. వింత యది కాదు. అసలును దాచి వడ్డీ పంచుచు కల్పాంతమువఱకు నిలువవచ్చును గదా. ఆ ధర్మకర్తలు అట్లు చేయలేదు. ఈ శాస్త్రము పసిబిడ్డ, పాలు ఇప్పుడు కావలెను గాని నూఱేండ్లకు కాదని, అసలునంతయు ఖర్చుపెట్టి 2006లో తలుపులు మూసివేసిరి. మూసివేయునాటికి దేశమంతట ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖలు వెలసియుండెను.

ఈ సంగతి మా పాఠశాలకు చలువఱాతి ఫలకమిచ్చిన దాతగారి మనుమనితో చెప్పితిమి. "అసలు తీసేస్తే పేరెక్కడుంటుందండీ?" అని ఆయన యడిగెను. వేయి రూపాయల అసలును కాపాడుకొను తాపత్రయమును మేమపహసింపము. తాతతండ్రులమీది భక్తి యది. కాని ఆ వేయి రూపాయలు మొదటియేటనే యొక బాలునకు ఇచ్చివేసియున్నచో, ఆ బాలుడిప్పుడు డెబ్బదియేడెనిమిదేండ్ల వృద్ధుడై, మనుమలకు ఆ పేరు చెప్పుచుండెడివాడేమో!

లచ్చిమి తండ్రి 2023 ఆగస్టులో పోయెను. ఆ వ్యాధికొఱకే పలాసలో కట్టిన రెండువందల పడకల యాసుపత్రి ఆ యేడు డిసెంబరులో తెఱువబడినది. ఆమె మూడవ సంవత్సరపు పరీక్షలు మానక వ్రాసినది. ఇంజనీర్లు పైచదువునకు వ్రాయు గేట్ పరీక్షలో ఈ శాస్త్రమునకు వేఱుగా నొక ప్రశ్నపత్రము 2020 నుండియే కలిగినది. అంతకు ముందు వీరు పరుల శాస్త్రములలో పరీక్ష వ్రాయవలసి యుండెను. ఇంటి పెద్దలకు ఇది చిన్న విషయముగా తోచును. పరీక్ష లేనిచోట వేతనమునకు ద్వారము లేదు. ఆ ద్వారమున 2025లో ఆమె యం.టెక్. తరగతిలో చేరినది. నెలకు 12,400 రూపాయల వేతనము. పరిశోధకులకు 2018లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి వేతనము నెలకు 70,000తో మొదలై, చివరి రెండేండ్లలో 80,000 వఱకు పోవునట్టిది. దానితో పోల్చిన ఇది స్వల్పము. కాని ఆమెకు ఇది తన పేర వచ్చిన మొదటి ధనము. మొదటి రెండునెలల వేతనము మూడవనెలలో చేతికందెనట. హాస్టలు భోజనశాలవారు అంతవఱకు ఆగరు గదా. ఏమి చేసితివని యడుగగా, "అప్పు చేశానండి, ఈసారి మీ దగ్గర కాదు" అని నవ్వెను.

ఆ డబ్బు వచ్చిన దినముననే మా ఖాతాలో రెండువేల రూపాయలు పడినవి. నోటుపుస్తకమున మొదటి పద్దు కొట్టివేసినదట. తిరిగి పంపుదమని మా యింటి యామె యనెను. వలదంటిమి.

ఈ యేడు పదవతరగతి పేర్ల పట్టిక మఱల మా చేతికే వచ్చినది. ఇప్పుడు మేము చేయునదేమనగా, పిల్లలందఱిని ఆధారు కార్డులతో రమ్మని, ఒక్కొక్కరిని నిలబెట్టి, నీ పేరు నీవు చదువుమని, చదివినది చదివినట్లు వ్రాయుదుము. తోడి యుపాధ్యాయులు దీనికి మా పేర నొక పరిహాసము కల్పించిరి. మొన్న నొక బాలుడు లేచి "కిట్టయ్య" అనెను. కలము కాగితముపై నిలిచినది. కృష్ణ శబ్దమున ఎన్ని యక్షరములు, ఎంత సౌందర్యము! బాలుడు మా ముఖము చూచుచుండెను. "కిట్టయ్యేనండి," అని మఱల చెప్పెను. కిట్టయ్య యనియే వ్రాసితిమి.